మౌస్ నా చేతిలోనే వదిలినందుకు

నాకు 46 ఏళ్లు. రాజమండ్రి చుట్టుపక్కల బిల్డింగ్ సైట్లలో సూపర్‌వైజర్‌ని. ప్లాన్ కాగితం చేతికిస్తే ఏ గోడ ఎక్కడ లేవాలో చెప్పగలను గానీ, ఆ ప్లాన్‌లో ఒక్క గీత జరపాలంటే మాత్రం హెడ్డాఫీసు డ్రాఫ్ట్స్‌మన్‌కి ఫోన్ మీద ఫోన్ కొట్టాల్సిందే. బాత్‌రూమ్ తలుపు అరడుగు పక్కకి జరిగినా రెండ్రోజులు ఆగాలి. ఇప్పుడు అలాంటి చిన్న మార్పులు నేనే గీసుకుంటున్నాను. నేర్పింది మా సైట్‌కి ట్రెయినీగా వచ్చిన ఒక ఇంజనీరమ్మాయి. మా పెద్దమ్మాయికన్నా రెండేళ్లు పెద్దదేమో. పేరు రాస్తే ఊరుకోనంది, అందుకే రాయట్లేదు.

అంతకుముందు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టి ఆటోక్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాను. సారు మంచివారే. కాకపోతే నేను కాస్త తడబడితే చాలు, ‘ఇలా ఇవ్వండి’ అని మౌస్ తీసుకుని టకటకా నొక్కేసేవారు. బొమ్మ వచ్చేసేది, నాకు మాత్రం ఏమీ వచ్చేది కాదు. మూడో వారం మానేశాను.

ఈ అమ్మాయి మొదటిరోజే చేతులు వెనక్కి కట్టుకుని నా కుర్చీ పక్కన నిలబడింది. "బాబాయ్ గారూ, నేను మౌస్ ముట్టుకోను. తప్పయినా మీరే చేయండి" అంది. రోజూ భోజనాల టైమ్‌లో ముప్పావుగంట. అన్నన్ని రోజుల్లో ఒక్కసారి కూడా ఆ చెయ్యి ముందుకు రాలేదు. నేను వేలకి వేలు పోసినా దొరకనిది అదే.

మొదట లైన్ కమాండ్. ఎల్ కొట్టి ఎంటర్ నొక్కి, ఒకచోట క్లిక్ చేసి 3000,0 (అడ్డంగా 3000 మిల్లీమీటర్లు, పైకి సున్నా) అని టైప్ చేశాను. మూడు మీటర్ల గోడ అడ్డంగా రావాలి కదా, గీత ఏటవాలుగా ఎటో పోయింది. నాకు టెన్షన్.

"మేస్త్రీకి మీరు కొలత ఎలా చెబుతారు?" అని అడిగింది.

"ఈ మేకు దగ్గర్నుంచి పదడుగులు అని చెబుతాం."

"దీనికి మీరు మేకు చూపించలేదు. అందుకే సున్నా,సున్నా అనే దాని సొంత మేకు నుంచి కొలుచుకుంది."

అంకె ముందు @ పెడితే ‘ఇక్కడ్నుంచి’ అని అర్థమట. @3000,0 కొట్టగానే గీత బుద్ధిగా పడింది. కోణాలూ అంతే. @3000<90 అంటే 90 డిగ్రీల కోణంలో, నేరుగా పైకి. మామూలుగా సున్నా కుడివైపు, అంటే తూర్పు. అక్కణ్నుంచి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతూ 90 ఉత్తరం, 180 పడమర. లెక్క తూర్పు నుంచి మొదలవుతుందంటే మా వాస్తు సిద్ధాంతి గారు సంతోషిస్తారు.

ఇంట్లో పిల్లల లాప్‌టాప్‌లో చేస్తే @ లేకుండానే గీత సరిగ్గా వచ్చింది. మళ్లీ గందరగోళం. అందులో డైనమిక్ ఇన్‌పుట్ (కొట్టిన అంకెని ‘ఇక్కడ్నుంచి’ అనే తీసుకునే సదుపాయం) ఆన్‌లో ఉందని, ఆఫీసు సిస్టమ్‌లో ఆపేసి ఉందని, ఎఫ్12 నొక్కితే మారుతుందని ఫోన్‌లోనే చెప్పింది. రాత్రి తొమ్మిదిన్నరకి. విసుక్కోలేదు.

బాగా గుర్తున్నది మాత్రం మా ఇంటి వంటగది. లోపలి కొలతకి నాలుగు గీతలు గీసి, తొమ్మిదంగుళాల గోడ కాబట్టి 230 మిల్లీమీటర్లు ఇచ్చి బయటికి ఆఫ్‌సెట్ చేశాను, అంటే అంత దూరంలో పక్కనే అలాంటి గీతలే వేయించాను. నాలుగు మూలలూ ఖాళీ! గీతని ఎదుటి గీత దాకా పెంచే ఎక్స్‌టెండ్ కొట్టాను, కదల్లేదు. గీతలు పెరిగినా తగలడానికి అక్కడ ఏమీ లేదు మరి. పది నిమిషాలు కుస్తీ పట్టాను. పక్కన అమ్మాయి నోరు మెదపదు. చివరికి "మూల గుండ్రంగా తిప్పే కమాండ్ ఏది?" అంది. ఫిల్లెట్ అన్నాను. "గుండ్రం అసలు వద్దనుకుంటే?" రేడియస్ సున్నా ఇచ్చి రెండు గీతల మీద క్లిక్ చేశాను. మూల టక్కున కలిసింది. మూలమట్టం పెట్టి కట్టినట్టుంది. ఆ పూట అన్నం తినడం మర్చిపోయాను.

ట్రిమ్‌తో తలుపు సందు కోయడం, ఎఫ్8తో గీతలు అడ్డంగానో నిలువుగానో మాత్రమే పడేలా చూడటం తర్వాత వాటంతటవే వచ్చాయి. రోజూ తన సిస్టమ్ ఖాళీ చేసి ఇచ్చిన మా అకౌంటెంట్ గారికీ కృతజ్ఞతలు. కీబోర్డు మీద పచ్చడి మరక నాదే, క్షమించాలి.

ఆ అమ్మాయికి పోయిన నెల వేరే సైట్‌కి బదిలీ అయింది. వెళ్లేరోజు కోటయ్య కాజాలు ఇస్తే తీసుకుంది గానీ, థాంక్స్ చెప్పబోతే "మీరే నేర్చుకున్నారు బాబాయ్ గారూ" అని తప్పించుకుంది. అందుకే నలుగురి ముందూ ఇక్కడ చెబుతున్నాను. చాలా చాలా థాంక్స్ అమ్మా.

మొన్న పంపిన ఫైలుకి నీ జవాబు చూశాను. "లేయర్లు?" అని ఒక్కటే మాట. ఒకదానిమీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటివి అవి, ఒక్కో రకం గీతలకి ఒక్కోటి. అవును, గోడలు, తలుపులు, కొలతలు అన్నీ సున్నా లేయర్‌లోనే పోశాను. ఆదివారం విడదీసి పంపుతాను.