సింగ్‌నగర్ మీటింగు గురించి అమ్మకి

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

అమ్మా,

మేం క్షేమంగా చేరాం. పిల్లలు ఇంకా అర్ధరాత్రి లేచి ఆకలంటున్నారు, నువ్వు కట్టిచ్చిన సున్నుండలే ఆదుకుంటున్నాయి. ఫోన్లో అయితే మధ్యలో ఎవరో ఒకరు వచ్చి మాట ఎటో పోతుంది. అందుకే ఈ సంగతి కూర్చుని రాస్తున్నాను.

మనం వెళ్లిన విజయవాడ సింగ్‌నగర్ మీటింగే మనసులో తిరుగుతోంది. 2024లో మన ఇళ్లని ముంచిన బుడమేరు వాగు గురించి అడగడానికి అంతమంది పనులు మానుకుని వచ్చారంటే నాకు గర్వంగా అనిపించింది. టిఫిన్ బండి పిన్నిగారు మైకు తీసుకుని నేరుగా ఆ హాలు గోడ దగ్గరికే వెళ్లింది చూడు. సున్నం వేసినా ఇంకా కనబడుతున్న నీటి మరక మీద చెయ్యి పెట్టి, "ఇదిగో, నా మెడ దాకా. మళ్లీ ఇంత రాదని ఎవరు పూచీ?" అంది. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు తన గ్రైండరుకీ బండికే సరిపోయాయట. ఆవిడ డబ్బు అడగడానికి రాలేదు, పూచీ అడగడానికి వచ్చింది.

ఆవిడ తర్వాత లేచిన రిటైరైన రైల్వే మాస్టారు అడిగింది కూడా అసలైన ప్రశ్నే. మైలవరం కొండల మీద పడ్డ వాన వెలగలేరు దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి డైవర్షన్ కాలువలో పడి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలవాలి. కృష్ణే నిండి ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? 2024 సెప్టెంబరు మొదట్లో జరిగింది అదే కదా. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, అంతకు ముందెప్పుడూ అంత రాలేదు. ఇటు కాలువ కట్టకి మూడు చోట్ల గండ్లు పడి నీళ్లన్నీ మన మీదికి వచ్చాయి. ఆర్మీ వాళ్లు కూడా దిగి ఆ గండ్లు పూడ్చాల్సి వచ్చింది. కాబట్టి కట్ట ఒక్కటి గట్టి చేస్తే చాలదు, కొల్లేరు వైపు పోయే పాత బుడమేరుని కూడా ఎనికేపాడు యూటీ (కాలువ కింద నుంచి వాగు నీళ్లు పోయే సొరంగం) దాకా వెడల్పు చెయ్యాలి, దానికి తేదీ చెప్పండి అన్నారాయన.

జవాబు వచ్చే లోపల నాయకుడు గారు వచ్చారు. శాలువాలు, దండలు, ఫొటోలు. ఆ తర్వాత ఎవరి హయాంలో ఆక్రమణలు పెరిగాయనే గొడవ. మాస్టారు అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. చివర్లో "తప్పకుండా చూస్తాం" అన్నారు. ఏం చూస్తారో, ఎప్పటికి చూస్తారో ఎవరూ రాసుకోలేదు. నాకు కష్టమనిపించింది అక్కడే అమ్మా. ఆ నాయకుడు గారు చెడ్డవారని కాదు. రాత లేని మాటని రేపు ఎవరు గుర్తు చేసినా, "నేనలా అనలేదే" అంటే అయిపోతుంది.

ఇక్కడ మొన్న మంగళవారం సిటీ కౌన్సిల్ మీటింగుకి వెళ్లాను, మా వీధిలో స్కూలు పిల్లలు రోడ్డు దాటే చోటు గురించి చెప్పడానికి. ఈ రాష్ట్రంలో 1953 నుంచి ఒక చట్టం ఉంది. ఇలాంటి మీటింగులో ఏమేం మాట్లాడబోతున్నారో 72 గంటల ముందే బయట పెట్టాలి. జనానికి మాట్లాడే అవకాశం ఇచ్చి తీరాలి. ఆ జాబితాలో లేని విషయం మీద అప్పటికప్పుడు నిర్ణయం తీసుకోకూడదు కూడా. నా పనీ ఆ రోజు తేలలేదు. కానీ నేను చెప్పింది రికార్డులో ఉంది, వచ్చేసారి అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇదేదో అమెరికావాళ్లకే తెలిసిన విద్య అనుకోకు. మీ డ్వాక్రా సంఘంలో నువ్వు ఇన్నేళ్లుగా చేస్తున్నది ఇదే. ఎవరెవరు వచ్చారు, ఏం అనుకున్నారు, ఎవరికి ఎంత లోను అని తీర్మానం రాసి, అందరి చేతా సంతకాలు పెట్టిస్తావు. సంతకం రానివాళ్ల వేలిముద్ర పడేదాకా పుస్తకం మూయవు. కాలనీ మీటింగుకి కూడా అలాంటి పుస్తకం ఒకటి పెట్టించు. నువ్వే రాయి. వచ్చిన ఆఫీసరు గారినీ, కార్పొరేటర్ గారినీ కూడా సంతకం అడుగు. పెట్టకపోతే, పెట్టలేదని రాయి. మూడు లక్షల జనాభా దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది, కాబట్టి అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఇంకొకటి. మన వీధి చివర కల్వర్టు కింద పూడిక సగానికి పైగా ఉందనీ, ఆ రోజు నీళ్లు ముందు అక్కడే ఎదురు తన్నాయనీ నువ్వు నా చెవిలో చెప్పావు. అది మైకులో చెప్పాల్సిన మాట అమ్మా. వెనక కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్లందరికీ ఇలాంటివి ఎన్నో తెలుసు, ఇంట్లోకి నీళ్లు ఎటు నుంచి వచ్చాయో వాళ్లే చూశారు. వచ్చేసారి మీ సంఘం వాళ్లంతా ముందు వరసలో కూర్చోండి.

కల్వర్టు సంగతి తీర్మానంగా రాసి, దాని జిరాక్సు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీతో పాటు ఇవ్వండి. రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి. మాస్టారు అడిగిన తేదీ గురించి సమాచార హక్కు కింద దరఖాస్తు నేను రాసి వాట్సాప్‌లో పంపిస్తాను, ఆయన సంతకం పెడితే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వానాకాలం లోపల ఈ రెండూ అయిపోవాలి.

నాన్నగారు బీపీ మాత్రలు మానకుండా చూడు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఈలోగా ఆ కల్వర్టు ఫొటోలు తమ్ముడి చేత తీయించి పంపు, దరఖాస్తుకి జత చేద్దాం.

నీ పెద్దమ్మాయి