పని ఆపే అధికారం లేకుండా పర్యవేక్షణ ఏమిటి? – మంత్రిగారికి ఒక సైట్ సూపర్‌వైజర్ బహిరంగ లేఖ

భవన నిర్మాణ కార్మికుల భద్రత చూసే గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. నేను చెన్నైలో అపార్ట్‌మెంట్ సైట్లలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న తెలుగువాణ్ణి. ఇంతకుముందు తమిళంలో రాయించి పెట్టిన వినతులకి రసీదులు వచ్చాయి, జవాబులు రాలేదు. అందుకే ఈసారి తెలుగులో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. తమిళ ప్రతి మీకు విడిగా పంపుతున్నాను. ఈ ఊళ్లో సెంట్రింగ్ కట్టేవాళ్లలో, కాంక్రీటు పనిచేసేవాళ్లలో మా శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు ఎందరో ఉన్నారు. ఇది వాళ్ల ప్రాణాల సంగతి కాబట్టి వాళ్లకీ తెలియాలి.

అయ్యా, పని చూడమని మమ్మల్ని పెడతారు. తప్పు కనిపిస్తే పని ఆపే అధికారం మాత్రం ఇవ్వరు. ప్రమాదం జరిగితే పోలీసులు ముందు పట్టుకునేది మమ్మల్నే. "సైట్ సూపర్‌వైజర్ అరెస్టు" అనే వార్త మీరూ ఎన్నోసార్లు చదివే ఉంటారు. ఆ సూపర్‌వైజర్ అంతకుముందు ఏం చెప్పాడు, ఎవరు విన్నారు అనేది ఏ వార్తలోనూ ఉండదు.

చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఒక సైట్‌లో జరిగింది చెబుతాను. మూడో అంతస్తు స్లాబు వేశాం. దూలాల మధ్య దూరం అయిదు మీటర్లకి కాస్త తక్కువ. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబుకి కింద జాకీలు, అంటే స్లాబుని మోసే నిలువు ఆసరాలు, 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. చదువుకున్న ఏ ఇంజనీరుకైనా తెలిసిన మాటే ఇది. పదో రోజు పొద్దున సెంట్రింగ్, అంటే కింద కట్టిన ఆ షీట్లు, జాకీలు, విప్పమని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. షీట్లు, జాకీలు అద్దెవి. రోజు గడిస్తే అద్దె పెరుగుతుంది. పక్క బ్లాకులో వాటికోసం పని ఆగి ఉంది. నేను కుదరదన్నాను. క్యూబుల రిపోర్టు (కాంక్రీటు దిమ్మెల్ని నొక్కి బలం చూసే పరీక్ష ఫలితం) ఇంకా రాలేదు, ఇంకో నాలుగు రోజులు ఆగండి అన్నాను.

సెంట్రింగ్ మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు. మా వైపు మనిషే. "బాబూ, నాకు చదరపు అడుగు లెక్క. మీరు ఆపేస్తే శనివారం నా కూలోళ్లకి నేనేటి ఇవ్వాలి?" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతనికి తెలియక కాదు, ఆగితే కడుపు నిండదు. ఆ రాత్రి నేను గదికి వెళ్లాక లైట్లు పెట్టి విప్పేశారు. మర్నాడు పొద్దున వెళ్లేసరికి ఆ అంతస్తు ఖాళీగా ఉంది. జాకీలన్నీ పక్క బ్లాకులో నిలబడి ఉన్నాయి.

స్లాబు పడలేదు. పడలేదు గనక ఎవరికీ పట్టలేదు. కొన్నాళ్లకి స్లాబు అడుగున, సరిగ్గా మధ్యలో, వెంట్రుకంత పగులు కనిపించింది. నేను సెల్‌ఫోన్‌లో ఫొటో తీశాను. ఆ వారంలోనే దానిమీద పుట్టీ పూశారు. ఇప్పుడు అది తెల్లటి సీలింగ్. ఆ ఫ్లాటు కొన్నవాళ్లు దానికింద ఫ్యాన్ వేసుకుని పడుకుంటారు.

ఆ ఫొటో జతచేసి మీ శాఖకి వినతిపత్రం ఇచ్చాను. నా పేరు బయటపెట్టవద్దని అందులోనే రాశాను. తర్వాత ఒకరోజు కాంట్రాక్టరు నన్ను పిలిపించాడు. ఆయన టేబుల్ మీద నా వినతిపత్రం జిరాక్సు ఉంది. నా పేరు, నా ఫోన్ నంబరు, నా సంతకం అన్నీ ఉన్నాయి. పైన "తగు చర్య నిమిత్తం" అని ముద్ర. ఎవరి మీద ఫిర్యాదు చేశానో వాళ్లకే చర్య తీసుకోమని పంపారు, మంత్రిగారూ! వాళ్లు చర్య తీసుకున్నారు. ఆ నెలాఖరుకి నన్ను సైట్ నుంచి తీసేశారు. రావాల్సిన జీతంలో కొంత ఇప్పటికీ రాలేదు.

నా ఉద్యోగం పోయినందుకు రాయడం లేదు. వేరే సైట్‌లో దొరికింది. కానీ ఆ సంగతి మిగతా సైట్ల సూపర్‌వైజర్లందరికీ పాకింది. ఇక వాళ్లలో ఎవరు నోరు తెరుస్తారు? తప్పు చూసినవాడు చెప్పకుండా ఉండేలా చేశాక, ఆ సైట్‌లో పర్యవేక్షణ ఉన్నట్టా లేనట్టా? మీరే చెప్పండి.

తనిఖీల గురించీ చెప్పాలి. ఫలానా రోజు వస్తున్నారని ముందే తెలుస్తుంది. ముందురోజు సాయంత్రం స్టోర్ రూమ్ నుంచి హెల్మెట్లు, బెల్టులు దిగుతాయి. బెల్టుల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీసి ఉండవు. ఎలా కట్టుకోవాలో మా వాళ్లకి తెలియదు. నడుముకి కట్టుకుంటారు, కొక్కెం వేలాడుతూనే ఉంటుంది. దాన్ని తగిలించడానికి పైన తాడే ఉండదు. వచ్చినవారు సైట్ ఆఫీసులో కూర్చుంటారు, రిజిస్టర్ చూస్తారు, సంతకం పెడతారు. నాలుగో అంతస్తు ఎక్కి చూసిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు. వాళ్ల కారు గేటు దాటగానే హెల్మెట్లు మళ్లీ స్టోర్‌లోకి వెళ్తాయి. రిజిస్టర్‌లో 28 రోజుల క్యూబు ఫలితాలు నెలలకి నెలలు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, దాదాపు ఒకే అంకెలతో ఉంటాయి. నిజంగా పరీక్ష చేస్తే అంకెలు అలా రావు. అయిదు నిమిషాలు తీరికగా చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ అయిదు నిమిషాలే అడుగుతున్నాం.

చెన్నై శివారు మౌలివాక్కంలో జరిగింది మీరు మరిచిపోయి ఉండరు. 2014 జూన్ 28, శనివారం సాయంత్రం. కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో మా శ్రీకాకుళం, విజయనగరం బిడ్డలు ఎందరో. పిడుగు పడి కూలిందని కట్టినవాళ్ల వైపు నుంచి మాట వచ్చింది. విచారణ కమిషన్ వేశారు. పక్కనే నిలిచి ఉన్న రెండో టవర్‌ని 2016 నవంబర్ 2న ప్రభుత్వమే పేల్చి పడగొట్టింది. అంటే అదీ నిలబడదగ్గది కాదని తేలినట్టే కదా! ఒక్కో అంతస్తు లేస్తున్నప్పుడు ఆ రెండు భవనాల్లోనూ పని చూసినవాళ్లు ఉన్నారు, సంతకాలు పెట్టినవాళ్లు ఉన్నారు. ఎవరో ఒకరికి అనుమానం వచ్చి ఉండదా? వచ్చినా ఆపగలిగే వీలు వాళ్లకి ఉందా? మా ఊళ్లలో ఆ ఇళ్లవాళ్లు ఇప్పటికీ అడిగేది ఇదే. మొన్న 2025 సెప్టెంబర్ 30న ఎన్నూరులో విద్యుత్ కేంద్రం పనుల్లో ఇనుప కట్టడం కూలి 9 మంది పోయారు. ఈసారి వాళ్లు అస్సాం వైపు వాళ్లు. మారింది వాళ్ల సొంత ఊరు ఒక్కటే.

కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. నిర్మాణ పనుల్లో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలనే లెక్క 500 మంది నుంచి 250కి తగ్గింది. సంతోషం. కానీ పోరూరులో, మేడవాక్కంలో కట్టే అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లలో 250 మంది ఎక్కడుంటారు? నలభై మంది, యాభై మంది. ఆ సైట్లకి సేఫ్టీ ఆఫీసర్ లేడు, సేఫ్టీ కమిటీ లేదు. ఉన్నది నాలాంటి సూపర్‌వైజర్ ఒక్కడే. ఇన్‌స్పెక్టర్ పేరు కూడా ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అయింది. పేరు ఏదైనా పరవాలేదండీ, మెట్లెక్కి పైకి వస్తే చాలు.

మీ కాళ్లు పట్టుకునైనా అడుగుతాను, మంత్రిగారూ. సైట్ చూసుకునే మనిషి "ఇది ప్రమాదం, ఆపండి" అని రాసి ఇస్తే, ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టేదాకా ఆ పని కదలకూడదని ఉత్తర్వు ఇవ్వండి. అలా ఆపిన రోజులకి మేస్త్రీ కూలీలకి కూలి బిల్డరే ఇవ్వాలని కూడా అందులో రాయండి. ఆ మాట లేకపోతే ఉత్తర్వు ఉన్నా రాత్రిళ్లు విప్పేస్తూనే ఉంటారు. ఫిర్యాదు ఇచ్చినవాడి పేరు బిల్డరుకి చేరకుండా చూడండి. తనిఖీకి వచ్చేవారు చెప్పకుండా రావాలి, పై అంతస్తు దాకా ఎక్కాలి, కూలీలతో వాళ్ల భాషలో మాట్లాడాలి. ఒడియా, హిందీ, తెలుగు తెలిసినవాళ్లు ఈ ఊళ్లో కరువు కాదు.

నా పాత వినతులు మీ శాఖలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఫొటో కూడా వాటితోనే ఉంది. ఆ స్లాబుకి ఇప్పటికైనా పరీక్ష చేయించండి. దానికింద జనం కాపురం ఉంటున్నారు. ఈసారి జవాబు నాకు పంపకపోయినా ఫర్వాలేదు, ఆ బిల్డింగుకి ఇంజనీర్లను పంపండి.

ఇట్లు,
ఒక సైట్ సూపర్‌వైజర్,
చెన్నై