రిపోర్టింగ్ టూల్ ఏది నేర్చుకోవాలి

ఫ్రెండ్స్, డేటాబేస్‌లోని డేటాని రిపోర్ట్‌గా మార్చే రిపోర్టింగ్ టూల్స్‌లో ఏది మంచిదని అడుగుతున్నారు కదా, ముందు మీ ప్రాజెక్ట్ ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో ఉందో చూడండి. జావా అయితే నా ఓటు జాస్పర్‌రిపోర్ట్స్‌కే, ఓపెన్ సోర్స్, ఇన్‌వాయిస్‌ల్లాంటివి పీడీఎఫ్‌లో పేజీకి సరిగ్గా సరిపోయేలా వస్తాయి, డిజైన్‌కి జాస్పర్‌సాఫ్ట్ స్టూడియో వాడండి, పాత వీడియోల్లో చూపించే ఐరిపోర్ట్ అనే పాత డిజైన్ టూల్ జోలికి మాత్రం పోకండి, దానికి 2015తోనే సపోర్ట్ ఆగిపోయింది. క్లిక్ చేసి చూసుకునే డ్యాష్‌బోర్డ్ కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ బీఐ, ఆ పని వేరు.

అసలు ఏ టూల్ అయినా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి డేటా అడిగే భాష) రాకపోతే బండి కదలదు, టేబుల్స్‌ని కలిపే జాయిన్‌లు, రోలను గుంపులుగా చేసే గ్రూప్ బై బాగా ప్రాక్టీస్ చేయండి, టోటల్ డబుల్ అయి వస్తోందంటే చాలాసార్లు తప్పు జాయిన్‌లోనే ఉంటుంది. తర్వాత బ్యాండ్‌లు, అంటే జాస్పర్ రిపోర్ట్ డిజైన్‌లోని భాగాలు, అర్థం చేసుకోండి, టైటిల్ ఒక్కసారే, డిటైల్ ప్రతి రోకీ రిపీట్ అవుతుంది. సబ్‌రిపోర్ట్‌లు, అంటే రిపోర్ట్ లోపల పెట్టే ఇంకో రిపోర్ట్‌లు, ఆ తర్వాతే. ఎక్కడైనా ఆగిపోతే క్వెరీతో సహా ఇక్కడ పెట్టండి, చూద్దాం.