ఊహను కొలతగా చూపిన మీ ఎనర్జీ మానిటరుపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

విషయం: ఇంటి కరెంటు వాడకాన్ని చూపే మీ మానిటరు తప్పు లెక్కలు, తప్పు పేర్లు చూపడం, మూడు ఈమెయిళ్లు రాసినా సరైన జవాబు రాకపోవడం, డబ్బు వాపసు కోరడం గురించి.

అయ్యా,

మీ మానిటరు కొని ఐదు నెలలైంది. బిల్లు కాపీ, మీకు రాసిన మూడు ఈమెయిళ్లు, వాటికి వచ్చిన జవాబులు, నేను తీసిన ఫోటోలు ఈ లేఖకు జతచేశాను. ఇది నాలుగోసారి రాయడం. ఈసారి అంతా మొదటి నుంచి చెబుతాను, ఎందుకంటే ఇంతకుముందు జవాబిచ్చినవాళ్లు నా ఈమెయిలు పూర్తిగా చదివినట్టు అనిపించలేదు.

నెలాఖరుకు మీటరు ఒకే ఒక్క అంకె చూపిస్తుంది. అందులో ఫ్రిజ్ వాటా ఎంత, గీజరు వాటా ఎంత, ఎవరూ వాడకపోయినా ప్లగ్గులో ఉండి కరెంటు లాగేవి ఎన్ని అన్నది దాన్ని చూస్తే తెలియదు. ఆ సంగతి తెలిస్తే ఎక్కడ తగ్గించుకోవాలో తెలుస్తుందని మీ పరికరం కొన్నాను. మెయిన్ బోర్డులో వైరు చుట్టూ కరెంటును కొలిచే క్లాంపు బిగించి, యాప్‌లో చూసుకోవడమే. ఏ వస్తువు ఎంత వాడుతోందో పేరుతో సహా చెబుతుందని, కచ్చితత్వం 1 శాతం లోపేనని డబ్బా మీద అచ్చువేశారు. ఆ మాట నమ్మాను.

రెండో నెలలో యాప్ ఒక హెచ్చరిక పంపింది. మా వాడకంలో 22 శాతం గీజరుదేననీ, రోజూ అర్ధరాత్రి దాటాక కూడా గీజరు నడుస్తోందనీ దాని సారాంశం. తెరిచి చూస్తే రాత్రి 2 నుంచి 3 మధ్య పట్టీ ఎర్రగా ఉంది, పక్కనే గీజరు బొమ్మ.

మా అమ్మకు 71 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. రాత్రిళ్లు నిద్ర పట్టక లేచి తిరుగుతూ ఉంటుంది. వేడినీళ్లతో కాపడం పెట్టుకుంటోందేమో అనుకుని అడిగాను. లేదంది. మర్నాడు మళ్లీ అడిగాను, ఫోన్‌లో పట్టీ చూపించి మరీ అడిగాను. "నేను ముట్టుకోలేదురా, నీ ఫోను ఏం చెబుతోందో నాకు తెలీదు" అంది. నేను అమ్మ మాట కంటే మీ యాప్ మాట నమ్మాను. మతిమరుపు మొదలైందేమోనని భయపడ్డాను కూడా. ఆ తర్వాత అమ్మ పొద్దున స్నానానికి కూడా గీజరు వేయడం మానేసింది. నేను వద్దనలేదు, తనే మానేసింది. చలికాలంలో ఐదు వారాలు చన్నీళ్లు పోసుకుంది. మోకాళ్లు ఇంకా బిగుసుకుపోయాయి. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే.

నిజం బయటపడింది ఇలా. గీజరులోంచి నీరు కారుతుంటే మరమ్మతు అయ్యేదాకా బోర్డులో దాని ఎంసీబీని, అంటే ఆ లైనుకు కరెంటు ఆపే స్విచ్చును, కిందికి దించి ఉంచాం. ఆ రాత్రి కూడా మీ యాప్ గీజరు 24 నిమిషాలు నడిచిందని చూపించింది. ఎంసీబీ దించేసిన గీజరుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? మరుసటి రాత్రి మేలుకుని కూర్చున్నాను. 2 గంటల 40 నిమిషాలకు యాప్‌లో గీజరు బొమ్మ వెలిగింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్రిజ్ కంప్రెసర్ కూడా ఆగి ఉంది. అక్కడే అనుమానం వచ్చింది.

మా ఎలక్ట్రీషియన్ ప్లగ్గుకూ వస్తువుకూ మధ్య పెట్టే చిన్న వాట్‌మీటరు తెచ్చి ఫ్రిజ్‌కు తగిలించాడు. కంప్రెసర్ ఆగి ఉండగా 24 నిమిషాలు 280 వాట్లు లాగింది. అది ఫ్రిజ్ లోపలి డీఫ్రాస్ట్ హీటరు. మంచు గడ్డకట్టని ఫ్రిజ్‌లలో కూలింగ్ కాయిల్ మీద పేరుకున్న మంచును కరిగించడానికి ఆ హీటరు అప్పుడప్పుడూ దానంతట అదే వేసుకుని ఆగిపోతుంది. ఫ్రిజ్ పనితీరులో అదొక భాగం, లోపం కాదు. మా గీజరు 2,000 వాట్లది. 280 వాట్ల హీటరును పట్టుకుని మీ యాప్ గీజరు అంది. రెండింటికీ ఉన్న పోలిక లోపల వేడెక్కే తీగ ఉండటమే. ఆ పట్టీ పక్కన వాట్లు చూపించి ఉంటే నాకు మొదటి రోజే అర్థమయ్యేది. మీరు చూపించింది రంగు, బొమ్మ, పేరు మాత్రమే. తర్వాత పరీక్షగా ఇస్త్రీపెట్టె వేశాను, గీజరు అంది. కెటిల్ వేశాను, దాన్నీ గీజరే అంది. 22 శాతం ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది.

మెయిన్ వైరు దగ్గర ఒకే ఒక్క చోట కొలిచి, కరెంటు ఎగుడుదిగుళ్లను బట్టి లోపల ఏ వస్తువు నడుస్తోందో పోల్చుకునే పద్ధతి కొత్తదేం కాదు. జార్జ్ హార్ట్ అనే పరిశోధకుడు దాని గురించి 1992లోనే వివరంగా పరిశోధనా వ్యాసం ప్రచురించాడు. అది కష్టమైన పని, పొరపాట్లు సహజం. ఆ పద్ధతి వాడినందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. పోల్చుకుని చెప్పిన పేరును పోలికగా చెప్పాలి. "గీజరు కావచ్చు, వేరే హీటరైనా కావచ్చు" అని ఒక్క ముక్క ఉంటే నేను అమ్మను రెండోసారి అడిగేవాణ్ణి కాదు.

పేరే తప్పయితే అంకెల సంగతేమిటని అప్పుడు మిగతాదంతా తవ్వాను. నిజానికి మొదటి నెలలోనే తేడా కనిపించింది. మీటరు 331 యూనిట్లు తిరిగితే యాప్ 412 చూపింది. రీడింగు తీసిన రోజు అటూ ఇటూ అయిందేమోనని వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది.

మా మీటరు మీద ఎర్రలైటు 3,200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్, అంటే 1,000 వాట్లు గంటసేపు వాడినంత. ఒక రాత్రి ఫ్రిజ్, రూటరు, నాలుగైదు అడాప్టర్లు తప్ప అన్నీ కట్టేసి, ఫోన్‌ను మీటరు ముందు నిలబెట్టి గంటసేపు వీడియో తీశాను. తర్వాత కూర్చుని లెక్కపెడితే 432 మిణుకులు. అంటే ఆ గంటలో సగటున 135 వాట్లు. అదే గంటకు మీ యాప్ 215 వాట్లు చూపింది. ఎప్పుడూ నడుస్తూ ఉండే ఈ భారం నెలకు ఎంతవుతుందో వేసి చూడండి. 135 వాట్లయితే 97 యూనిట్లు, 215 అయితే 155. లేని 58 యూనిట్లను వెతుక్కుంటూ నేను ఇంట్లో ప్లగ్గులు పీకుతూ తిరిగాను.

ఆ తర్వాత అన్నీ ఆపి, బాగుచేయించిన గీజరు ఒక్కటే వేశాం. ఎలక్ట్రీషియన్ తన క్లాంప్‌మీటరుతో చూస్తే 8 ఆంపియర్లు. మీ యాప్‌లోనూ 8 ఆంపియర్లే. అక్కడిదాకా మీ క్లాంపు సరిగ్గానే ఉంది, ఆ మాట ఒప్పుకుంటున్నాను. ఆ సమయంలో మా ఇంట్లో వోల్టేజి 212. గీజరుది ఉత్త హీటరు కనుక ఎనిమిది రెండొందల పన్నెండ్లు 1,696 వాట్లు. లైటు మిణుకుల లెక్కా దాదాపు అంతే వచ్చింది. యాప్ మాత్రం 1,840 అంది. 1,840ని 8తో భాగిస్తే 230. అంటే మీ పరికరం వోల్టేజిని కొలవడం లేదు. 230 అని రాసిపెట్టుకుని గుణిస్తోంది, అంతే.

రాత్రి తేడా ఇంకా ఎక్కువ ఉండటానికి కారణం వేరు. కంప్రెసర్ మోటారు, చిన్న చిన్న అడాప్టర్లు కరెంటు లాగే తీరు వోల్టేజి లయతో కలవదు. అలాంటి వాటి దగ్గర వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేవి వోల్ట్ ఆంపియర్లే, వాట్లు కావు. వోల్ట్ ఆంపియర్లలో నిజంగా వాట్లయ్యే వాటా ఎంతో చెప్పే పవర్ ఫ్యాక్టర్‌ను లెక్కలోకి తీసుకుంటేనే వాట్లు తేలతాయి. మా మీటరు యూనిట్లు లెక్కించేది వాట్ల మీదే. అది తెలియాలంటే వోల్టేజినీ కరెంటునూ ఒకే క్షణంలో, సెకనుకు వేలసార్లు కొలిచి, గుణించి, సగటు తీయాలి. వోల్టేజి కోసం ఒక చిన్న కనెక్షన్ లేకుండా అది కుదరదు. మీ పరికరంలో ఆ కనెక్షనే లేదు. అయినా యాప్‌లో ప్రతి అంకె పక్కన "వాట్లు" అని రాశారు.

ఇప్పుడు మీ జవాబుల సంగతి. మొదటిది యాప్ తీసేసి మళ్లీ వేసుకోమంది. వేసుకున్నాను. రెండోది క్లాంపు మీద బాణం గుర్తు తిరగబడి ఉందేమో చూడమంది. వోల్టేజితో పోల్చి చూసే పరికరానికైతే బాణం ఎటుందన్నది ముఖ్యం. వోల్టేజినే చూడని మీ పరికరానికి క్లాంపు ఎటు తిప్పినా అంకె మారదు. నేను తిప్పి చూశాను, మారలేదు. మీ వస్తువు ఎలా పనిచేస్తుందో జవాబు రాసినవారికి తెలియజేయలేదంటే ఆ తప్పు వారిది కాదు, సంస్థది. మూడో జవాబులో 1 శాతం అన్నది కరెంటు కొలతకు మాత్రమేననీ, వాట్లు, యూనిట్లు సూచనప్రాయమైనవనీ, బిల్లింగ్‌కు వాడరాదని మాన్యువల్ చివరి పేజీలో ఉందనీ రాశారు. నేను బిల్లు కట్టడానికి దీన్ని కొనలేదు. ఎక్కడ తగ్గించుకోవాలో తెలుసుకోవడానికి కొన్నాను, మీరు అమ్మింది కూడా ఆ మాట చెప్పే. 1 శాతం అన్నమాట డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసి, దాని అర్థాన్ని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో దాచడం మోసమే అవుతుంది.

ఇవన్నీ ముందే ఎందుకు పట్టుకోలేదని మీరు అడగవచ్చు. మీ యాప్ సెకన్ల వారీ వివరాలను 7 రోజులే ఉంచుతుంది. ఆ తర్వాత గంటల సగటు మాత్రమే మిగులుతుంది. 24 నిమిషాల హీటరు గంట సగటులో కరిగిపోయి ఆనవాలు లేకుండా పోతుంది. డౌన్‌లోడ్ చేసుకునే వీలూ లేదు. మా ఇంటి లెక్కలు మాకే అందకపోతే తప్పును ఎవరు పట్టుకోగలరు?

వాడకం తగ్గలేదా అంటే తగ్గింది. ఆఫ్ చేసి ఉన్నా 11 వాట్లు లాగుతున్న పాత మ్యూజిక్ సిస్టమ్‌ను ప్లగ్గు నుంచి తీసేశాం. ఏడాదికి 96 యూనిట్లు అవి. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైందని తెలిసి మార్పించాం. కానీ ఈ రెండూ పట్టిచ్చింది ఎలక్ట్రీషియన్ తెచ్చిన ఆ చిన్న వాట్‌మీటరే. మీ మానిటరు వల్ల తగ్గింది అమ్మ వేడినీళ్లు.

నేను కోరేది స్పష్టంగా రాస్తున్నాను. పరికరం తీసుకుని, బిగించడానికైన ఖర్చుతో సహా మొత్తం డబ్బు వాపసు ఇవ్వండి. బదులుగా కొత్త పరికరం పంపుతామని మాత్రం అనకండి, లోపం ఈ ఒక్క పీసులో లేదు. డబ్బా మీదా, అమ్మకపు పేజీలోనూ "వోల్టేజి కొలవదు, వాట్లు అంచనా మాత్రమే" అని మొదటి వరుసలోనే వేయండి. ఇప్పటికే కొన్నవాళ్లకు కనీసం తమ ఇంటి వోల్టేజిని యాప్‌లో ఎక్కించుకునే వీలు, మీటరు రీడింగుతో సరిచూసుకునే వీలు ఇవ్వండి. దాంతో పవర్ ఫ్యాక్టర్ సమస్య తీరదు, అయినా కొంత మేలు. వస్తువుల పేర్ల పక్కన వాట్లు చూపించండి, తప్పు పేరును వాడేవాళ్లే మార్చుకోనివ్వండి. అన్నిటికంటే ముందు, ఈ సంగతి మీ కొనుగోలుదారులందరికీ ఈమెయిల్లో తెలియజేయండి. ఇంకో ఇంట్లో ఇప్పుడు ఎవరు ఎవరిని అనుమానిస్తున్నారో నాకు తెలియదు, మీకూ తెలియదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే ఇదే లేఖను, ఇవే ఆధారాలతో వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ముందు పెడతాను.

మానిటరును బోర్డు నుంచి విప్పించి, క్లాంపు, అడాప్టరు, మాన్యువల్‌తో సహా దాని డబ్బాలోనే పెట్టి ఉంచాను. ఎప్పుడు తీసుకెళ్తారో ఒకరోజు ముందు ఫోన్ చేయండి. పగటిపూట ఇంట్లో ఉండేది అమ్మే. వచ్చే మనిషిని ఆమెతో మర్యాదగా మాట్లాడమని చెప్పి పంపండి.

ఇట్లు,
మీ మానిటరు కొన్న వినియోగదారుడు

జతచేసినవి: బిల్లు కాపీ, ఈమెయిళ్లు, జవాబులు, మీటరు వీడియో, వాట్‌మీటరు ఫోటోలు, యాప్ తెర ఫోటోలు.