కేంద్రం మూతపడకుండా నిలబెట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు

శరణార్థులుగా వచ్చిన కుటుంబాల పిల్లల కోసం, వారి పక్కనే అంతే ఇబ్బందుల్లో బతుకుతున్న స్థానిక కుటుంబాల పిల్లల కోసం మేము నడుపుతున్న శిశు విద్యా కేంద్రం గడచిన నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా మూతపడలేదు. మొదటి విడత నిధులు అయిపోయి, మంజూరైన రెండో విడత సొమ్ము కాగితాల దశలోనే ఆగిపోయిన ఆ నాలుగు నెలలు కేంద్రాన్ని నిలబెట్టినది మీరే. సమన్వయకర్తగా నేను ప్రతి ఒక్కరి ఇంటికీ వచ్చి ఈ మాట చెప్పవలసినది. అయితే సాయం చేసినవారిలో కొందరు తమ పేరు చెప్పవద్దని కోరారు. మరికొందరి పేర్లు, వారు వదిలి వచ్చిన పరిస్థితుల దృష్ట్యా, నలుగురిలో ప్రకటించడం క్షేమం కాదు. అందుచేత పేర్లు లేకుండా, ఎవరు ఏమి చేశారో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. చదువుతున్నప్పుడు ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

నాలుగు నెలల విరామం అంటే నిధులిచ్చే కార్యాలయం దృష్టిలో పెద్ద విషయం కాకపోవచ్చు. మా దగ్గరకు వచ్చే 52 మంది పిల్లల వయసు మూడు నుంచి ఆరేళ్లు. మూడేళ్ల పాపకు నాలుగు నెలలంటే తన జీవితంలో తొమ్మిదో వంతు. పైగా ఈ పిల్లల్లో చాలామంది ఇంటినీ, తాతమ్మలనూ, ఆడుకునే తోటివారినీ ఒక్క రోజులో పోగొట్టుకుని వచ్చినవారు. రోజూ ఉదయం తలుపు దగ్గర నిలబడి పేరుపెట్టి పిలిచే మనిషి కూడా ఒకనాడు కనబడకుండా పోతే, పెద్దవాళ్లంటే ఎప్పుడో ఒకప్పుడు మాయమైపోయేవారే అన్న భయం వారిలో స్థిరపడిపోతుంది. దీర్ఘకాలం సాగే భయాన్ని, ఒత్తిడిని పసివాడు ఏ పెద్ద తోడూ లేకుండా ఒంటరిగా మోయవలసి వచ్చినప్పుడు అది ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుందని, నమ్మకంగా స్పందించే పెద్దవారు ఒక్కరు వెన్నంటి ఉన్నా ఆ దెబ్బ చాలావరకు తగ్గుతుందని శిశు వికాస పరిశోధకులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో విడుదల చేసిన శిశు పోషణ ప్రణాళికలో ఆరోగ్యం, పోషకాహారం, భద్రత, తొలి అభ్యసనంతో పాటు ఈ స్పందనతో కూడిన సంరక్షణను కూడా సమానంగా నిలిపారు. మేము కాపాడుకోవాలనుకున్నది గోడలనూ బల్లలనూ కాదు, మా కేంద్రంలోని ఆరుగురు సంరక్షకులకూ ఈ పిల్లలకూ మధ్య ఏర్పడిన బంధాన్ని.

కాబట్టి మొదటి కృతజ్ఞత వారికే. ఆరుగురిలో నలుగురు శరణార్థి కుటుంబాల నుంచి వచ్చిన మహిళలు. జీతం ఎప్పుడు అందుతుందో చెప్పలేనని నేను తల దించుకుని చెప్పిన రోజున ఒక్కరు కూడా రేపటి నుంచి రామనలేదు. ఇందులో నేను గర్వపడవలసినది ఏమీ లేదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అందరికంటే తక్కువ ఉన్నవారి త్యాగం మీద ఒక పథకం నడవడం న్యాయం కాదు. అందుకే మీరు పంపిన సొమ్ములో మొట్టమొదట ఆ ఆరుగురి బకాయిలు తీర్చాం. బొమ్మలు, పుస్తకాలు, చాపలు ఆ తరువాతే కొన్నాం. బొమ్మల కోసమని ప్రత్యేకంగా పంపిన ముగ్గురు దాతలను అడిగి, వారి అనుమతితోనే ఆ సొమ్మును జీతాలకు మళ్లించాం. పెద్ద మనసుతో వెంటనే ఒప్పుకున్నందుకు ఆ ముగ్గురికీ నమస్కారాలు.

ఆ సంరక్షకుల పని ఎలాంటిదో తెలియడానికి ఒక్క పిల్లవాడి సంగతి చెబుతాను. నాలుగేళ్ల ఆ బాబు మొదటి ఐదు వారాలు కేంద్రంలో చెప్పులు విప్పలేదు. అందరూ చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చుంటే, తాను మాత్రం చెప్పులతోనే గోడకు ఆనుకుని, తలుపు కనిపించేలా కూర్చునేవాడు. క్రమశిక్షణ పేరుతో నేను ఏమైనా అంటానేమోనని అతని సంరక్షకురాలు ముందుగానే నన్ను పక్కకు పిలిచి, వాళ్లు ఊరు విడిచిన రాత్రి చెప్పులు వెతుక్కునే వ్యవధి కూడా దొరకలేదని చెప్పారు. ఆమె ఆ బాబును ఒక్కసారి కూడా విప్పమనలేదు. చెప్పులతో కూర్చోవడానికి అతనికొక చిన్న పట్టా వేసి, రోజూ తాను ఆ పట్టా పక్కనే కూర్చుని బొమ్మ ఇళ్లు కట్టేవారు. ఆరో వారంలో ఒక ఉదయం ఆ చెప్పులు మిగతా చెప్పుల వరుస చివర కనిపించాయి. అది నిధులు ఆగిపోయిన రెండో నెల. ఆ నెలలో మేము తలుపు మూసి ఉంటే ఏమై ఉండేదో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు.

తల్లులకు చెప్పవలసిన కృతజ్ఞతతో పాటు ఒక క్షమాపణ కూడా ఉంది. పథకం మొదలుపెట్టినప్పుడు నేను రాసిన పాఠ్య ప్రణాళికలో అక్షరాలు, అంకెలు, స్థానిక భాషలో పాటలు నిండిపోయి ఉండేవి. పిల్లలు బడిలో వెనుకబడకూడదన్న ఆత్రుతతో అలా రాశాను. రెండో తల్లుల సమావేశంలో ఒక అమ్మ లేచి, మా పాప ఇక్కడికి వచ్చాక ఇంట్లో మాట్లాడడం తగ్గించింది, మా మాట తప్పు మాట అనుకుంటోంది అన్నారు. దుబాసీ ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పి ఆగిపోయారు. నేనూ కాసేపు మాట్లాడలేకపోయాను. మొక్కై వంగనిది మానై వంగునా అని మనం ఎంతో సులువుగా అనేస్తాం గానీ, వంచే చేతులకు ఆ మొక్క ఏ నేలలో మొలిచిందో తెలియాలి కదా. ఇంటి భాషలో గట్టి పునాది పడిన పిల్లలే రెండో భాషను బాగా అందుకుంటారని చదివి ఉండి కూడా, నా ప్రణాళికలో ఆ భాషకు చోటివ్వలేదు.

ఆ సమావేశం తరువాత తల్లులే ముందుకు వచ్చారు. పదకొండు మంది తమ తమ లాలిపాటలు, పొడుపుకథలు, వేళ్లతో ఆడించే ఆటలు రికార్డు చేసి ఇచ్చారు. చదువు రాని ఒక నాయనమ్మ, జంతువుల కథ చెబుతూ పిల్లల చేత ఆ జంతువుల అరుపులు అరిపించే పద్ధతి ఒకటి మా సంరక్షకులందరికీ నేర్పారు. స్థానిక పిల్లలు ఆ పాటలను పట్టుకున్న వేగం చూస్తే ఆశ్చర్యమేసింది. ఇప్పుడు ఉదయం ప్రార్థనకు బదులుగా మూడు భాషల్లో పలకరింపు పాట నడుస్తోంది. ఆ రోజు లేచి నిలబడిన తల్లికి, ఆ మాటను మెత్తపరచకుండా ఉన్నది ఉన్నట్టు అనువదించిన దుబాసీ గారికి నేను ఋణపడి ఉన్నాను. నాలుగు నెలలూ ఆ దుబాసీ గారు పగటి ఉద్యోగం ముగించుకుని వచ్చి, పైసా తీసుకోకుండా పనిచేశారు.

చేరికల విషయంలో మాకు దారి చూపిన న్యాయవాది గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. నివాస పత్రాలు లేని కుటుంబాలు మా గుమ్మం దాకా వచ్చి, రిజిస్టరు కనబడగానే వెనుదిరిగి వెళ్లిపోయేవి. ఏ వివరాలు అడగాలి, ఏవి అడగకూడదు, అడిగినవాటిని ఎవరు ఎక్కడ భద్రపరచాలి అన్నది ఆ న్యాయవాది గారు మాతో కూర్చుని ఒక్కొక్క గడిగా తేల్చారు. చివరికి మా ఫారంలో పిల్లల పిలుపు పేరు, వయసు, ఇంటి భాష, ఆరోగ్యపరంగా తెలియవలసిన సంగతులు, అత్యవసరమైతే పిలవవలసిన మనిషి మాత్రమే మిగిలాయి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 2వ అధికరణం ఏ వివక్షా లేకుండా ప్రతి బిడ్డకూ హక్కులు వర్తిస్తాయంటుంది. 22వ అధికరణం శరణార్థి బాలలకు తగిన రక్షణ, సాయం అందించవలసిన బాధ్యతను ప్రభుత్వాల మీద పెడుతుంది. ఆ ఒడంబడికను పర్యవేక్షించే కమిటీ 2005లో ఇచ్చిన 7వ సాధారణ వ్యాఖ్య అనే వివరణ పత్రం, ఈ హక్కులు బడి వయసు వచ్చాక మొదలయ్యేవి కావని, పుట్టినప్పటి నుంచే ఉన్నాయని స్పష్టం చేసింది. ఈ వాక్యాలను ఆయన మాకు ఉపన్యాసంగా చెప్పలేదు. మేము ఆ గడులను కొట్టివేయడానికి జంకినప్పుడల్లా ఆధారంగా చూపించారు.

స్థానిక కుటుంబాలకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. మొదట్లో, ఎక్కడి నుంచో వచ్చినవారికి ఇన్ని వసతులా, మా పిల్లలు మాత్రం వీధిలో ఉండాలా అన్న ప్రశ్న వచ్చింది. అది అసూయతో అడిగినది కాదు, న్యాయమైన ప్రశ్న. సీట్లలో సగం స్థానిక పిల్లలకు కేటాయించాలని ఆనాడే నిర్ణయించాం. అలా అడిగిన తండ్రుల్లోనే ఒకరు వడ్రంగి. నిధులు ఆగిపోయిన మొదటి వారంలోనే ఆయన వచ్చి, మిగిలిపోయిన చెక్కలతో అంచులు నున్నగా రుద్దిన పన్నెండు పెట్టెలు చేసి ఇచ్చారు. పిల్లలు వాటిని ఒకరోజు రైలు చేస్తారు, మరొక రోజు ఇల్లు చేస్తారు. అద్దె రెండు నెలలు వాయిదా వేసిన ఇంటి యజమానురాలికి, వారానికొకసారి వచ్చి పిల్లల ఎదుగుదల చూసిన నర్సమ్మకు, వినికిడి లోపం ఉందని ఎవరూ గుర్తించని ఒక పాపను మొదటిసారి గమనించిన విశ్రాంత ఉపాధ్యాయిని గారికి మా నమస్కారాలు. ఆ పాపకు ఇప్పుడు వినికిడి యంత్రం అమరింది.

ప్రపంచవ్యాప్తంగా ఇళ్లూ ఊళ్లూ బలవంతంగా విడవవలసి వచ్చినవారిలో సుమారు 40 శాతం 18 ఏళ్లలోపు వారే. అయినా సంక్షోభ సమయాల్లో అందే సాయంలో బడి వయసు రాని పిల్లల చదువుకు దక్కేది చాలా కొద్ది భాగం. ఆకలి, గూడు, వైద్యం ముందు తీరాలన్నది నిజమే గానీ, చిన్న పిల్లల ఎదుగుదల ఆ వరుసలో తన వంతు కోసం వేచి ఉండదు. ఇటలీలోని రెజియో ఎమీలియా దగ్గర ఒక పల్లె ప్రజలు 1945లో, యుద్ధం ముగిసిన రోజుల్లోనే, జర్మన్ సైన్యం వదిలిపోయిన ఒక ట్యాంకును, లారీలను, గుర్రాలను అమ్మి, ఆ సొమ్ముతో పసిపిల్లల బడి కట్టుకున్నారు. కూలిన ఇళ్ల ఇటుకలను వారే ఏరి తెచ్చుకున్నారు. ప్రపంచమంతా చెప్పుకొనే ఒక శిశు విద్యా విధానానికి అక్కడే బీజం పడింది. ఆ నాలుగు నెలల్లో నేను నీరసించినప్పుడల్లా ఆ పల్లెను తలుచుకున్నాను. ఆ సాయంత్రాల్లోనే మీలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేతబట్టుకుని గుమ్మంలో కనిపించేవారు.

రెండో విడత నిధులు గత వారం అందాయి. మీరు పంపిన సొమ్ము, మీరు ఇచ్చిన వస్తువులు, వాటి ఖర్చు లెక్కలు కేంద్రం గోడ మీద మూడు భాషల్లో అంటించాం. ఎవరైనా వచ్చి చూడవచ్చు, ప్రశ్నించవచ్చు. మిగిలిన కొద్ది మొత్తాన్ని, ఇలాంటి ఖాళీ మళ్లీ వస్తే సంరక్షకుల జీతాలకు మాత్రమే వాడేలా విడిగా ఉంచాం. ఆ నిర్ణయం సంరక్షకులతో, తల్లుల ప్రతినిధులతో కలిసి తీసుకున్నది.

సాయం చేసినవారిని ఒకసారి కేంద్రానికి పిలవాలని సంరక్షకులు కోరుతున్నారు. వచ్చే నెల మొదటి శనివారం ఉదయం రండి. పిల్లల ఫొటోలు మాత్రం తీయవద్దని, వారు వదిలి వచ్చిన చోటు గురించి వారిని అడగవద్దని మనవి. చెప్పులు వరుసలో విడిచి, చాప మీద కూర్చుంటే చాలు. పిల్లలే వచ్చి మిమ్మల్ని ఆటలో చేర్చుకుంటారు.