శీనుకి, మా బాత్‌రూమ్ బూజు వదిలిన సంగతి

ఒరేయ్ శీనూ,

చాలా లేటయింది, ఏమనుకోకు. అమ్మ బాగుంది, మోకాళ్ళ నొప్పులు మామూలే, పాప ఐదో క్లాసుకొచ్చింది, ఆఫీసులో కొత్తేం లేదు. ఇక అసలు సంగతి, ఇది నీకు చెప్పేదాకా నాకు మనసాగట్లేదు.

మా బాత్‌రూమ్‌కి బూజు పీడ వదిలిందిరా! వైజాగ్ ముసురు నీకు తెలిసిందేగా, టవల్ ఆరదు, సీలింగ్ మూలల్లో నల్ల మచ్చలు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు లేనప్పుడు మన రూమ్ గోడెక్కిన బూజు మచ్చని మేనేజర్ గారు అనేవాళ్ళం గుర్తుందా, అచ్చం ఆయనే మళ్ళీ దిగాడు. బ్లీచ్ నీళ్ళతో తుడిస్తే పోయేది, నాలుగు రోజులకి మళ్ళీ మొదలు. ఓనర్ పెయింట్ వేయించాడు, పొక్కులొచ్చి ఊడిపోయింది. తడి గోడ మీద రంగు ఎలా నిలుస్తుందిరా, నువ్వే చెప్పు.

ఎగ్జాస్ట్ ఫ్యానేమో తిరుగుతూనే ఉంది, సౌండ్ కూడా బాగానే వస్తోంది. మొన్న హాల్లో ట్యూబ్‌లైట్ మార్చడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఆ మచ్చలు చూసి, అన్నా ఓ టిష్యూ పేపర్ ఇవ్వండి అన్నాడు. స్టూలెక్కి దాన్ని ఫ్యాన్ జాలీకి ఆనించి వదిలాడు. ఫ్యాన్ గాలి లాగుతుంటే కాగితం అతుక్కుపోవాలి కదా, తిన్నగా వచ్చి కింద పడింది! డక్ట్ వైపు నుంచి చూస్తే ఏముందనుకున్నావ్, పావురాల గూడు. చీపురు పుల్లలు, వైరు ముక్కలు, ఈకలు, అన్నీ రెట్టతో గట్టిపడిపోయి ఫ్యాన్ వెనక గాలి బయటికి పోయే మూత రెక్కలు తెరుచుకోకుండా బిగుసుకుపోయాయి. గుడ్లు లేవులే, పాత గూడే. మూతికి మాస్క్ కట్టుకుని, ముందు నీళ్ళు చల్లి బాగా తడిపాకే తీశాడు, ఆ ఎండు రెట్ట దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. పాతికేళ్ళు కూడా ఉండవు కుర్రాడికి, ఎంత బుర్రరా!

బయట నెట్ బిగించాం. స్నానాలయ్యాక గోడలూ నేలా వైపర్‌తో లాగేసి అరగంట ఫ్యాన్ వదిలేస్తున్నాం. తలుపు కింద సందు ఉంచుకోవాలిరా, లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ బయటికి దేన్ని పంపుతుంది? వాష్‌బేసిన్ అంచున సిలికాన్ లోపలిదాకా నల్లబడింది, అది ఎంత రుద్దినా పోదు, కోసేసి కొత్తది పెట్టించా. నేల మీద పాకుడు కూడా తగ్గింది, అమ్మ ఎక్కడ జారి పడుతుందోనని నాకు ప్రతి వానాకాలం గుండె దడేరా, ఇప్పుడు కాస్త...

ఆ, ఇంకోటి, నువ్వు బ్లీచింగ్ పౌడరూ యాసిడూ కలిపి కొడతావు చూడు, నీకు దండం పెడతా, మానెయ్. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసున్న బాత్‌రూమ్‌లో ప్రాణాల మీదికొస్తుంది. వాడితే ఏదో ఒకటే వాడు, అదీ తలుపు బార్లా తీసిపెట్టి. అసలు మీ రాజమండ్రి ఇంట్లో ఆ వెనక బాత్‌రూమ్‌కి కిటికీ కూడా...

పాప స్కూల్ బస్సొచ్చింది, హారన్ కొడుతున్నాడు. మీ ఫ్యాన్‌కి కూడా టిష్యూ పెట్టి చూసి నాకు చెప్పు.

నీ
రాము