కాలేజీ కౌన్సెలరు అర్హత ఏమిటో తల్లిదండ్రులకు తెలియాలి: ఆరోగ్య మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో,

నేను విశాఖపట్నంలో పనిచేస్తున్న క్లినికల్ సైకాలజిస్టుని. 2023 జులైలో మా నగరంలో నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతీ, 2025 జులై 25న ఆ కేసు తీర్పులో కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చిన సంగతీ తమకు తెలుసు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో తప్పక నియమించుకోవాలని, వారికి పిల్లల, కౌమార వయసువారి మానసిక ఆరోగ్యంలో తగిన శిక్షణ ఉండాలని అందులో చెప్పారు. ఆ 'అర్హత' అన్న మాటకు మన రాష్ట్రంలో స్పష్టమైన అర్థం కల్పించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఎదుటివారి అర్హత గురించి అడిగేవారు ముందు తమది చెప్పుకోవాలి కాబట్టి నా చదువుతో మొదలుపెడతాను. సైకాలజీలో ఎం.ఏ. పూర్తయ్యాక, క్లినికల్ సైకాలజీ కోర్సులకు గుర్తింపునిచ్చే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) ఆమోదించిన సంస్థలో రెండేళ్లు ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీ చదివాను. ఆ రెండేళ్లలో తరగతి గదిలో కూర్చున్న కాలం కన్నా ఓపీలోనూ, వార్డులోనూ గడిపిన కాలమే ఎక్కువ. నేను రాసిన ప్రతి కేసు వివరాన్నీ మా అధ్యాపకులు గీతలు పెట్టి వెనక్కి ఇచ్చేవారు. సైకోసిస్ (వాస్తవానికీ భ్రమకూ తేడా తెలియకుండా చేసే మానసిక స్థితి) అప్పుడప్పుడే మొదలవుతున్న కుర్రవాణ్ణి చదువు మీద శ్రద్ధ లేనివాడిగా పొరబడటం ఎంత తేలికో, థైరాయిడ్ లోపం వల్ల వచ్చిన నీరసాన్ని డిప్రెషన్ అనుకుని నెలల తరబడి మాటలతో నయం చేయబోవడం ఎంత ప్రమాదమో నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు, నా తప్పును నా పక్కనే నిలబడి సరిదిద్దిన పెద్దల దగ్గర. నేను మందులు రాయను, రాయకూడదు, అది ఎం.బి.బి.ఎస్. తరువాత మానసిక వైద్యంలో ప్రత్యేక చదువు చదివిన సైకియాట్రిస్టుల పని. అయితే ఎవరిని, ఎప్పుడు వారి దగ్గరికి పంపాలో తెలుసుకోవడం మాత్రం నా చదువులో భాగమే.

ఒక విద్యార్థి సంగతి తమ దృష్టికి తేవాలి. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఆ అబ్బాయి చదివిన వాక్యాన్నే పదిసార్లు చదివేవాడు, పరీక్షలో ఓఎంఆర్ షీటు మీద దిద్దిన వృత్తాలనే మళ్లీ మళ్లీ చూసుకుంటూ చివరి ప్రశ్నల దాకా చేరేవాడు కాదు. అతను చదువుతున్న రెసిడెన్షియల్ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారు. కొద్ది వారాల ఆన్‌లైన్ కోర్సు, దానికొక సర్టిఫికెట్, ఇవీ ఆయన అర్హతలు. ఆయన మంచి మనిషే, పిల్లల మీద ప్రేమ ఉన్నవారే. 'చెడు ఆలోచన వస్తే తోసెయ్, నీకేం కాదు, నువ్వు అన్నీ సరిగ్గానే దిద్దావు' అని రోజూ ధైర్యం చెప్పేవారు. ఆ అబ్బాయికి ఉన్నది ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే అనుమానాలు, వాటిని పోగొట్టుకోవడానికి ఒకే పనిని పదే పదే చేయించే జబ్బు. ఆ జబ్బులో ఆలోచనను తోసేకొద్దీ అది మరింత బలంగా తిరిగి వస్తుంది. 'సరిగ్గానే ఉంది' అన్న భరోసా కాసేపు ఊరటనిచ్చి, ఆ వెంటనే మళ్లీ భరోసా అడగక తప్పని స్థితికి నెడుతుంది. అంటే ఎనిమిది నెలల పాటు సదుద్దేశంతో చేసిన పనే జబ్బును పెంచింది. ఈలోగా అబ్బాయి చెప్పుకున్న మాటలన్నీ ప్రిన్సిపాల్‌కూ, ఆ తరువాత వార్డెన్‌కూ చేరాయి. నా దగ్గరికి వచ్చిన మొదటి మూడు సార్లు అతను నోరు విప్పకపోవడానికి కారణం అదే.

మేము చేసిన చికిత్సకు పేరుంది, పద్ధతి ఉంది. అనుమానం కలిగించే పనిని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా మెట్లుగా పేర్చుకుని, ప్రతి మెట్టు మీదా ఆ కంగారును భరిస్తూనే తిరిగి సరిచూసుకోకుండా ఉండటం సాధన చేయించాం. ఒక్కసారి చదివి పేజీ తిప్పేయడం మొదటి మెట్టు. మందు అవసరం ఉందో లేదో తేల్చడానికి సైకియాట్రిస్టుకు చూపించాం. ఇంట్లో అమ్మానాన్నలు భరోసా ఇవ్వడం ఎలా తగ్గించాలో వాళ్లకు విడిగా చెప్పాం, నిజానికి అన్నిటికన్నా కష్టమైన భాగం అదే, ఎందుకంటే బిడ్డ ఏడుస్తూ అడుగుతుంటే 'ఏం కాదులే నాన్నా' అనకుండా ఉండటం ఏ తల్లికి సాధ్యం?

నా దగ్గరికి ఎవరు వచ్చినా మొదటి రోజే కొన్ని విషయాలు తెలుగులో చెబుతాను: నేను ఏం చదివానో, నా రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటో, ఏ పద్ధతిలో పనిచేస్తానో, ఎన్ని వారాల తరువాత ఫలితాన్ని కలిసి బేరీజు వేసుకుంటామో, చెప్పిన మాటలు ఎవరికీ చెప్పను కానీ ప్రాణాపాయం ఉంటే మాత్రం ఎవరికి చెబుతానో. మనవాళ్లు దిగులును చాలాసార్లు ఒంటితో చెప్పుకుంటారు. గుండె దడ అంటారు, నరాల బలహీనత అంటారు, కళ్లు తిరుగుతున్నాయంటారు. పిల్లలైతే అన్నిటినీ 'టెన్షన్' అన్న ఒక్క మాటలో పెట్టేస్తారు. ఆ మాట వెనక ఉన్నది పరీక్ష భయమో, ఇంటి మీద బెంగో, బతకాలని లేకపోవడమో తేల్చగల ఓపిక, శిక్షణ రెండూ కావాలి.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టు ఎవరో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 నిర్వచించింది. క్లినికల్ సైకాలజిస్టులు, మానసిక ఆరోగ్య నర్సులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ల పేర్లను నమోదు చేసి, ఆ జాబితాను ప్రచురించే బాధ్యతను అదే చట్టం 55వ సెక్షన్‌లో రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు అప్పగించింది. ఇతర సైకాలజిస్టులూ, పలు రకాల కౌన్సెలర్లూ 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వస్తారు. ఇన్ని చట్టాలున్నా, నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల్లో ఇలాంటి జాబితా ఒకటి చూడవచ్చునని తెలిసినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ప్రతి కాలేజీలోనూ క్లినికల్ సైకాలజిస్టే ఉండాలని నేను అనడం లేదు. అంతమంది మనకు లేరు. పైగా ఎం.ఫిల్. కోర్సులు నిలిచిపోయి కొత్త కోర్సులు వస్తున్న ఈ సంధికాలంలో ఉన్న సీట్లు తగ్గకుండా చూసుకోవడమే ముఖ్యం. విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటి చోట్ల శిక్షణ సీట్లు పెంచే విషయం తమ శాఖ తప్పక పరిశీలించాలి. సైకాలజీలోనో, సోషల్ వర్క్‌లోనో పీజీ చేసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేస్తూ, తమ హద్దు తెలిసి మసలుకునే కౌన్సెలర్లు చేస్తున్న మేలు నేను కళ్లారా చూశాను. కొద్ది వారాల సర్టిఫికెట్‌తో, ఏ పర్యవేక్షణా లేకుండా ఆత్మహత్య ఆలోచనలున్న పిల్లల ముందు ఒకరిని ఒంటరిగా కూర్చోబెట్టడం గురించే నా ఆందోళన. ఆ కౌన్సెలర్‌కు కూడా అది న్యాయం కాదు.

కనుక తమను కోరేది ఇది. విద్యాశాఖతో కలిసి, కాలేజీ కౌన్సెలర్‌కు ఉండవలసిన కనీస చదువును, పర్యవేక్షణలో పొందవలసిన శిక్షణను ఉత్తర్వు రూపంలో నిర్ణయించండి. 55వ సెక్షన్ కింద నమోదైన వారి జాబితాను జిల్లాలవారీగా, తెలుగులో, ఫోన్‌లో వెతుక్కునేలా అందుబాటులో ఉంచండి. ప్రతి కౌన్సెలరూ తన చదువు, రిజిస్ట్రేషన్, పనిచేసే పద్ధతి, గోప్యత హద్దులు, తనను పర్యవేక్షించే నిపుణుల వివరాలు ఉన్న ఒక పేజీ పత్రాన్ని అడ్మిషన్ సమయంలోనే తల్లిదండ్రులకు ఇవ్వాలన్న నియమం పెట్టండి. విద్యార్థి చెప్పిన మాటను యాజమాన్యానికి చేరవేయమని కౌన్సెలర్‌ను ఒత్తిడి చేయడం నేరుగా నిషేధించండి. రాత్రివేళ ఎవరూ అందుబాటులో లేనప్పుడు పిల్లలు మాట్లాడగలిగేలా ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అయిన టెలి మానస్ నంబరు 14416ను ప్రతి హాస్టల్ గోడ మీదా రాయించండి, ఆ ఫోను చేసుకునే వీలు కూడా కల్పించేలా చూడండి.

ఆ ఒక పేజీ పత్రం నమూనా తయారు చేయడానికి తమ శాఖ పిలిస్తే, నాతోపాటు ఈ వృత్తిలో ఉన్న మిత్రులు కొందరు ఏ ప్రతిఫలమూ లేకుండా వచ్చి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నారు. వచ్చే విద్యా సంవత్సరం అడ్మిషన్లు మొదలయ్యేలోగా ఉత్తర్వు వెలువడాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయ,
ఒక క్లినికల్ సైకాలజిస్టు,
విశాఖపట్నం